సోమదేవసూరి: అంగడిమోసములు, అబద్ధపుభయములు

వేములవాడ పేరు వినగానే పండితులకు ముందుగా స్ఫురించువారు కవు లిరువురు. రెండవ యరికేసరి యాస్థానమున 941వ సంవత్సరమున విక్రమార్జునవిజయమును రచించిన పంపడొకడు. కాలము, కృతులు, తుదకు జన్మస్థలము సైతము వివాదగ్రస్తములై యున్న భీమకవి మఱియొకడు. వీరిప్రక్కన నిలువదగిన మూడవవాడు మాత్రము మఱుగుపడియున్నాడు. అతడు సోమదేవసూరి. అతడు తెలుగునను గన్నడమునను వ్రాసిన గ్రంథములు లేవు, వ్రాసినదెల్ల సంస్కృతము, మతముచే జైనాచార్యుడు. అందుచే దెలుగువారి సాహిత్యచరిత్రలలో నతనికి జోటు చిక్కలేదు. యశస్తిలకచంపువు పేరైనను గొందఱకు దెలియును గాని, నీతివాక్యామృతము కౌటిలీయార్థశాస్త్రమునకు సంగ్రహమని యొకమాటతో ద్రోసివేయబడుచున్నది.

ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని సంగ్రహించువాడు దేనిని నిలుపుకొనెను, దేనిని విడిచిపెట్టెను అనునది చూడవలసియున్నది. సరకు కొనువాడు సంతలో నెట్లు మోసపోవును? చెవినిబడిన భయవార్తలలో నిజమైన యపాయమేది, పన్నినకట్టుకథ యేది? ఈ రెండు ప్రశ్నలకు గౌటిల్యుడు చెప్పిన సమాధానమునకును, పదమూడు నూఱేండ్లు గడవకమున్నే యనక తప్పదు గాని, ఎంతో తరువాత సబ్బినాటినుండి సోమదేవుడు చెప్పిన సమాధానమునకును గల భేదము చిన్నది కాదు. కౌటిలీయకాలనిర్ణయమున బండితుల కేకాభిప్రాయము లేనందున నడుమ గడచిన యేండ్లను లెక్కించుట యిచ్చట ననవసరము.

మొదట గాలదేశములు. యశస్తిలకము శకవర్షము 881, సిద్ధార్థిసంవత్సర చైత్రమున, అనగా 959లో బూర్తియైనట్లు కవియే గ్రంథాంతమున జెప్పుకొనెను. అప్పటికి రాష్ట్రకూటచక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణదిగ్విజయము చేసి మేల్పాటిలో విడిసియుండెను. అతని సామంతుడైన చాళుక్య యరికేసరి జ్యేష్ఠపుత్రుడు వాగరాజు. ఆ వాగరాజు రాజధానియైన గంగధారలో గ్రంథము ముగిసెను. ఈ గంగధార కరీంనగరు ప్రాంతమందలి గంగాధరయే. దాని చేరువ కుఱిక్యాల బొమ్మలమ్మగుట్టపై బంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమున దెలుగుకందములున్న సంగతి యీ పత్రికాపాఠకు లెఱుగనిది కాదు. కన్నడపుగావ్యము, తెలుగుకందము, సంస్కృతచంపువు ఒక్కచిన్నసీమలో, ఒక్కరాజకుటుంబము నీడలో, ఇరువదేండ్ల వ్యవధిలో వెలసినవి.

రెండవ యాధారము పర్భణిలో దొరకిన తామ్రశాసనము. శకవర్షము 888, అనగా 966. మూడవ యరికేసరి తన తండ్రి బద్దెగుడు లేంబులపాటకమున గట్టించిన శుభధామజినాలయమున బూజలకును జీర్ణోద్ధరణమునకును సబ్బివేయిలోని రేపాక పండ్రెంటియందలి వనికటుపులు గ్రామమును సోమదేవసూరికి దారవోసెను. లేంబులపాటకము వేములవాడయే. రేపాక యను నూరు నేటికిని ఆ ప్రాంతమున గలదు. కావున 966 నాటికి సోమదేవుడు వేములవాడలో నొక యాలయమునకు నధికారియై, గ్రామాదాయమును లెక్కచూచుకొను స్థితిలో నుండెననుట నిశ్చితము. ధాన్యము కొలిపించుకొని, వెలలు విచారించుకొని, ఆలయమునకు సంబారములు కొనిపించిన యనుభవ మతనికి దప్పక యుండవలెను.

నీతివాక్యామృత మెచ్చట బుట్టినదను ప్రశ్నయందే యొక పరీక్ష యున్నది. ఆ గ్రంథమునకు లభించు సంస్కృతవ్యాఖ్య, కన్యాకుబ్జప్రభువగు మహేంద్రదేవుని ప్రోత్సాహమున సోమదేవుడు దీనిని రచించెనని చెప్పుచున్నది. కొందఱు పండితు లీమాటను నమ్మిరి. కాని మూలగ్రంథపు గద్యలో సోమదేవుడు తన పూర్వకృతులను బేర్కొనుచు యశోధరచరితమును గూడ జెప్పెను. యశోధరచరిత మనగా యశస్తిలకమే. అది 959లో ముగిసినది. ప్రతీహారులలో మొదటి మహేంద్రపాలుడు పదియవశతాబ్ది తొలిభాగముననే గతించెను. రెండవ మహేంద్రపాలుని శాసనము 946 నాటిది, ఆ పిమ్మట గొలది కాలమునకే యతని పాలనమును ముగిసెను. గద్యను విశ్వసించినచో వ్యాఖ్యాత చెప్పిన కథ పొసగదు. పైగా నీ వ్యాఖ్యలో మనుశుక్రాదుల పేర నుదాహరింపబడిన శ్లోకములు పెక్కు, ఆయా పేర్లతో నేడు దొరకు గ్రంథములలో గానరావు. సాక్షి యొకచోట సందేహాస్పదుడైనచో మఱియొకచోట నాతని మాటను నూఱక గ్రహించుట పరిశోధకులకు దగదు. మోసమును గూర్చిన గ్రంథమునకే యిట్టి వ్యాఖ్య దొరకుట వింత. ఏది యెట్లున్నను, నీతివాక్యామృతము యశస్తిలకమునకు దరువాతిదనియు, సోమదేవుని వేములవాడనివాసకాలమునకు జేరువదనియు జెప్పుటకు బాధకము గానరాదు.

గ్రంథము చిన్నది. సముద్దేశము లనబడు ముప్పదిరెండు ప్రకరణములు. శ్లోకములు కావు, చిన్నచిన్నవాక్యములు. ఎనిమిదవది వార్తాసముద్దేశము. కృషి, పశుపాలనము, వాణిజ్యము దీని విషయము. ఇందులో సోమదేవుడు వర్తకులను గూర్చి యాడిన మాట కఠినమైనది: వారికి మించిన పశ్యతోహరులు లేరట. పశ్యతోహరుడనగా జూచుచుండగనే హరించువాడు. తెలుగున నీ పదము కంసాలికి రూఢమైనది. సోమదేవుడు దానిని వర్తకజాతి కంతటికిని విస్తరించెను. జైనాలయములకు వర్తకులే ముఖ్యపోషకులైన కాలమున నొక జైనాచార్యుడు ఈ మాట యనుట గమనింపదగినది. దాతల మొగమోటము శాస్త్రమున కడ్డు రాలేదు.

మాట కఠినమైనను అతని చూపు దూషణమునందు లేదు, వ్యవస్థయందున్నది. తూనికలు కొలతలు నిలుకడ లేనివైనచో వ్యవహారమంతయు జెడును. వెలను వర్తకులే కట్టినచో స్థానికులును బాధపడుదురు, క్రొత్తగా వచ్చినవారును బాధపడుదురు. కావున వెల దేశమునుబట్టి, కాలమునుబట్టి, సరకునుబట్టి యేర్పడవలెను. తూనికకొలతల విషయమున రాజు స్వయముగా మేలుకొనియుండవలెను. ఒకరిపై నొకరు పంతము పట్టి వెల పెంచినచో నమ్మినవానికి దగినవెలయే దక్కును, పెరిగిన దానిని రాజు గైకొనును. గొప్పసరకు కొలదిపైకమునకు దొరకినచో సరకు రాజునకు జెందును. కొన్నవాడిచ్చిన సొమ్ము మాత్రము నష్టపడరాదు.

ఈ కడపటి రెండు నియమములను గొంత నిలిచి చూడవలెను. పంతపు వెలను రాజు తీసికొనిన, దొంగబేరగాండ్రను నిలిపి వెల హెచ్చించుటవలన నమ్ముకొనువానికి లాభముండదు. లాభము లేని మోసము నెవడును జేయడు. అతిచౌకగా దొరకిన సరకు విషయమున నియమ మింకను సూక్ష్మమైనది. అట్టి సరకు దొంగసొత్తైయుండవచ్చును, అమ్మినవాడు తెలివితక్కువవాడైయుండవచ్చును, లేదా సరకే నకిలీది కావచ్చును. ఏదైనను, వెలకును వస్తువునకును పొత్తు కుదరకుండుటయే విచారణకు జాలిన కారణమని యతని భావము. చౌకను జూచి మురిసినవాని కతడు దండనము విధింపలేదు. సొమ్ము తిరిగి యిప్పించి, సరకును మాత్రము చేతినుండి తీయించెను.

కౌటిల్యుని మార్గము వేఱు. అతడు నేరుగా నంగడిలోనికి బోయి మోసగాని చేతిని బట్టుకొనును. కంటకశోధనాధికరణమున వైదేహకరక్షణ మను ప్రకరణ మున్నది. పేరు వర్తకరక్షణమే గాని, రక్షింపబడునది వర్తకునినుండి ప్రజ. ద్రోణప్రమాణమున నరపలము తఱుగైనను హెచ్చైనను దోషములేదు. పలము తేడా వచ్చినచో బన్నెండు పణముల దండుగ. కఱ్ఱ, ఇనుము, మణి, త్రాడు, తోలు మొదలైనవానిలో జాతి కానిదానిని జాతియని యమ్మినచో వెలకు నెనిమిదిరెట్లు దండుగ. ధాన్యము, నూనె, ఉప్పు, గంధము, ఔషధము మున్నగువానిలో నదే రంగుగల హీనద్రవ్యమును గలిపినచో బన్నెండు పణములు. స్వదేశపుసరకుపై నూటి కైదు, పరదేశపుసరకుపై నూటికి బది లాభము. వర్తకులు జట్టుగట్టి సరకు దాచినను, వెల చెఱచినను వేయిపణములు.

బంగారము కడకు వచ్చుసరికి గౌటిల్యుని సూక్ష్మదృష్టికి మేరలేదు. కంసాలి మోసమున కైదుదారు లతడు చెప్పెను: తులావిషమము, అపసారణము, విస్రావణము, పేటకము, పింకము. త్రాసులలోనే యెనిమిది దొంగత్రాసులు. అందొకటి సూదంటురాయి యమర్చినది. మూసలో మేలిబంగారమును దప్పించి వెండిరాగి కలిపిన మిశ్రమమును వేయుట, సీసముపై బంగారురేకు దొడుగుట, బోలునగలో బరువుద్రవ్యమును గూరుట, ఇట్టివి విస్తరించి చెప్పబడినవి. ఒరగల్లుమీద గీత దిద్దునపుడు గోటిసందున గావిపొడి దాచి రాల్చుట యున్నది; హీనమైన బంగారమునకు మేలిచాయ చూపించుట కది. అన్నిటికంటె జమత్కారమైనది మోసమునకు బూర్వము కనబడు గుఱుతుల పట్టిక. పనిచేయుచు దల తడవుకొనుట, ఒడిలోనికి జూచుకొనుట, ఈగను దోలుట, తన యొడలిని దానే పరికించుకొనుట, కొలిమితిత్తి చెంతను నీటిమూకుడు చెంతను జేయి తారాడుట: ఇవి కనబడినచో మోసము జరుగుచున్నదని తెలిసికొనవలెనట. కొనువాని చూపును ప్రక్కకు మరల్చుటయే యీ విద్యకు మూలమని కౌటిల్యుడు గ్రహించెను.

సోమదేవుడు ఈ పట్టికల నన్నిటిని విడిచిపెట్టెను. ఎఱుగక విడిచెననుటకు వీలులేదు. కౌటిలీయపు బదములు, వాక్యములు సైత మతని గ్రంథమున నడుగడుగున వినబడును. దండుగపుబణముల లెక్క దేశకాలములతో మాఱును. ఎనిమిది దొంగత్రాసులు తెలిసికొన్నవానికి దొమ్మిదవది ఎదురగును. మాఱని దేదియో దాని నతడు పట్టుకొనెను. ఒక లోటు మాత్రము చెప్పక తప్పదు. కౌటిల్యుని చదివిన సామాన్యుడు కంసాలియెదుట గూర్చుండి యతని చేతులు చూడ నేర్చుకొనును. సోమదేవుని చదివినవానికి రాజు మేలుకొనియుండవలెనని తెలియును గాని, రాజు నిదురించినపుడు తానేమి చేయవలెనో తెలియదు.

ఆ లోటు యశస్తిలకమున గొంత తీరినది. అందలి కడపటి యాశ్వాసములు శ్రావకధర్మమును బోధించును; వ్రతమున కొక కథ చొప్పున నుండును. చౌర్యనివృత్తికి జెప్పిన కథ శ్రీభూతిది. సింహపురమున సింహసేనుడు రాజు, రామదత్త రాణి, శ్రీభూతి పురోహితుడు. అతడు సత్యవాదియని పేరు పడెను. సత్యఘోషుడను బిరుదమును గలదు. ఊరిలో నతడొక పేంఠాస్థానమును నడుపుచుండెను. విభక్తములైన గదులు, సరకులుంచు కొట్లు, నీళ్లు, కసవు, కావలి, మితమైన సుంకము గల విశాలమైన వర్తకస్థాన మది. దూరదేశపువర్తకులు వచ్చి విడియుదురు, నమ్మి సొమ్ము దాచుదురు. ఈ పదమునే నీతివాక్యామృతమున సోమదేవుడు మరల వాడెను: న్యాయముతో రక్షింపబడిన పింఠ రాజులకు గామధేనువట. తెలుగున బేట యను మాటతో దీనికి జుట్టఱికము గలదని యూహించుట సులభము. నిరూపించుట సులభము కాదు.

భద్రమిత్రుడను వర్తకుడు సముద్రయానమునకు బోవుచు నేడు రత్నములను శ్రీభూతికడ దాచెను. సాక్షులు లేరు, పత్రము లేదు. సత్యఘోషుడన్న పేరే పత్రము. తిరుగుప్రయాణమున నోడ మునిగి, సర్వము గోల్పోయి, వర్తకుడు మరలి వచ్చి రత్నముల నడిగెను. శ్రీభూతి యెఱుగననెను. అంతటితో నూరకుండక, ధనము పోయిన దుఃఖమున వీనికి మతి చలించినదని నలుగురికి జెప్పెను. ఊరు శ్రీభూతినే నమ్మెను. భద్రమిత్రుడు ప్రతిరాత్రియు రాజనగరు చేరువనున్న చెట్టెక్కి తన రత్నముల కథను ఎలుగెత్తి చెప్పుచుండెను. ఇట్లాఱునెలలు గడచినవి. వినువారెల్ల బిచ్చివానికేక యనుకొనిరి.

రాణి రామదత్త మాత్రము వేఱొకటి గమనించెను. పిచ్చివాని మాట నాటికొక తీరున నుండవలెను. వీడాఱునెలలుగా నొక్కమాటయే, ఒక్క లెక్కయే చెప్పుచున్నాడు. ఆమె శ్రీభూతిని జూదమునకు బిలిచి యోడించి, యుంగరమును గెలిచి, దానిని గుఱుతుగా నతని భార్యకడకు బంపి రత్నములను దెప్పించెను. పరీక్ష యంతటితో ముగియలేదు. ఆ యేడింటిని రాజు మఱికొన్ని రత్నములతో గలిపి భద్రమిత్రుని యెదుట బెట్టి, నీవి యేరుకొమ్మనెను. తనవి మాత్రమే యేరుకొని, మిగిలినవానిని వర్తకుడు ముట్టలేదు. శ్రీభూతి దండితుడయ్యెను.

కథ సోమదేవుని సొంతకల్పన కాదు. జైనవాఙ్మయమున నితరత్రయు గలదు. కాని యతడు దానికి బేంఠాస్థానపు వర్ణనమును జేర్చి, నీతిగ్రంథపు వాక్యమునకు సజీవమైన యుదాహరణముగ జేసెను. ఇందు బరీక్ష రెండువైపుల జరిగినది. పేరుగలవానిని బరీక్షించుట యెంత యవసరమో, మొఱపెట్టువానిని బరీక్షించుటయు నంత యవసరము. రామదత్త జాలిచే దీర్పు చెప్పలేదు.

ఇక రెండవప్రశ్న: నిజమైన యపాయమునకును గట్టుకథకును భేదము తెలియుట యెట్లు? నీతివాక్యామృతమున బదునాలుగవది చారసముద్దేశము, పదునైదవది విచారసముద్దేశము. చారులు లేని రాజును దనవారును బరులును వంచింతురు. యామికుడు లేనివానికి రాత్రి క్షేమ ముండదు. చారునకు నాసపోతుతనము, మందత, అసత్యము ఉండరాదు, ఊహించుశక్తి యుండవలెను. చారుల వేషములను సోమదేవుడు సుదీర్ఘసమాసమున లెక్కించెను: కపటవిద్యార్థి, తాపసి, వర్తకుడు, యమపటము చూపి బిచ్చమెత్తువాడు, పాములవాడు, కల్లమ్మువాడు, విటుడు, శకునము చెప్పువాడు, వైద్యుడు, ఇంద్రజాలికుడు, వంటవాడు, మూగ, చెవిటి, గ్రుడ్డి. వేములవాడ యాత్రాస్థలము, నేటికిని జాతరనాడు రాజరాజేశ్వరుని వీథిలో నిలిచి చూచినచో నిందు సగమువేషములు కనబడును. పదియవశతాబ్దిలో రాజు తన కన్నులుగా వాడుకొన్న వేషములే మోసగాండ్రకును బనికివచ్చునవి. వేష మొక్కటే, పనులు రెండు. ఈ పట్టిక యుపయోగ మందున్నది.

వార్తను నమ్ముటకు నియమ మొకటి. ముగ్గురు చారులు చెప్పినమాట యొక్కటియైనచో నమ్మవచ్చును. ఇది కౌటిలీయమునను గలదు. అచ్చట జారులొకరి నొకరెఱుగకుండ నుంచవలెనను విధి వేఱొకచోట జెప్పబడినది. సోమదేవుడు రెంటిని గలిపి యొక్కవాక్యమున బెట్టెను: వారిలో వారికి ముందుగా సంకేతము లేనిచో, ముగ్గురి యేకవాక్యము నమ్మదగినది. షరతు మొదట, సంఖ్య తరువాత. సంగ్రహకారుడు మార్చినది పదముల వరుస మాత్రమే యైనను, బరువు సంఖ్యమీదినుండి సంకేతముమీదికి బోయినది. విచారసముద్దేశమున నింకను ముందుకు బోయెను. తాను కన్నులార జూచినదానియందే బుద్ధి మోహపడును, సందేహపడును, తలక్రిందుగా గ్రహించును. పరులు చెప్పినదానిని గూర్చి వేఱుగా జెప్పవలెనా యని యతని ప్రశ్న. చూచినదానినైనను బాగుగ బరీక్షించి చేయువాడే విచారజ్ఞుడు.

ఇచ్చటనే సోమదేవుడు విడిచిన మఱియొకటి గలదు. అది యతని మౌనములలో గొప్పది. అర్థశాస్త్రపు యోగవృత్తాధికరణమున, బొక్కస మొట్టిపోయినపు డేమి చేయవలెనో చెప్పుచు గౌటిల్యుడు రాజపురుషులచేతనే కట్టుకథలు పుట్టించెను. రాత్రికిరాత్రి దేవతాప్రతిమను నిలిపి, తనంతట వెలసినదని చాటి, జాతర చేయించి కానుకలు గైకొనవచ్చును. చెట్టుమీద మనుష్యభక్షకుడైన రాక్షసుడున్నాడని చూపి, శాంతి పేర బురజనుల ధనమును రాబట్టవచ్చును. సొరంగము గల నూతిలో ననేకశిరస్సుల పామును గనబఱచి, చూడవచ్చినవారికడ రుసుము తీయవచ్చును. నమ్మనివానికి విషము పెట్టించి, అది దేవతాశాపమని ప్రకటింపవచ్చును. ఇవి దూష్యులును నధార్మికులునగు వారియెడలనే చేయవలెను గాని యితరులయెడల గాదని కౌటిల్యుడు ముగించిన మాట నిజమే. ఆ మాటను దాచి యతనిని నిందించుట న్యాయము కాదు. అయినను నూతిలోని పామునకు దూష్యుడెవడో సాధువెవడో యెట్లు తెలియును? భయము నొకమాఱు పుట్టించినపిమ్మట నది యూరంతటికిని బుట్టినట్లే.

నీతివాక్యామృతపు గోశసముద్దేశమున నీ పాములు లేవు, రాక్షసులు లేరు. బొక్కసము తఱిగినచో నాలయములు, బ్రాహ్మణులు, వర్తకులు మొదలగువారికడ వారి యవసరమునకు మించియున్న ధనమునుండి భాగము గొనుమనియు, ధనవంతులనుండి గైకొనుమనియు మాత్రమే చెప్పబడినది. అడిగి తీసికొనుట కఠినమైనను బహిరంగమైన పని. సోమదేవుడు తానే యొక యాలయమునకు నధికారి. వెలసిన దేవతలను గల్పించి ధనము తీయుట యను నుపాయ మతని చేతిని వ్రాతలోనికి రాకపోవుట యాదృచ్ఛికమని తలచుట కష్టము.

తుదకు రాష్ట్రకంటకుల పట్టిక యొకటి యున్నది. రాజ్యమునకు ముండ్లవంటివా రెవరన, దొంగలు, దారికొట్టువారు మొదటివారు. ఆ వెంటనే రాజునకు బ్రియులైనవారు, అటవికులు, తలారులు, అక్షశాలికులు, నియోగులు, గ్రామకూటులు, వార్ధుషికులు వత్తురు. ఇందు బదములు తెలుగువారికి బరిచితములు. తలార యనునది శుద్ధసంస్కృతము కాదు. మన తలారియే, కన్నడపు తళవారుడే, సంస్కృతవాక్యమున గూర్చున్నాడు. అక్షశాలికుని జూదశాల నడుపువాడని కొందఱు వ్యాఖ్యానించిరి. కౌటిలీయమున నక్షశాల యనగా బంగారుపని జరుగు శాల. మన యగసాలి యా పదమునుండి వచ్చినవాడే. కావున నిచ్చట బంగారుపనివాడే యుద్దిష్టుడనుట మేలు. అర్థమేదైనను, పట్టిక కూర్పు గమనింపదగినది. ఊరిని గాచు తలారియు, పన్ను వ్రాయు నియోగియు, గ్రామపెద్దయు దొంగలతో నొకేసమాసమున గట్టబడిరి. యశస్తిలకమునను శంఖనకుడను చారుడు పామరోదారుడను మంత్రి దొంగభక్తిని రాజునెదుట బయలుపెట్టుట విపులముగ వర్ణింపబడినది. వంచకుడు బయటనుండియే రావలెనను నియమము లేదని సోమదేవుని రెండు గ్రంథములును జెప్పుచున్నవి.

ఇట్టి భయమునుండి వర్తకులను దప్పించుటకు దెలుగురాజులు చేసిన యత్నములలో 1244 నాటి మోటుపల్లి యభయశాసనము ప్రసిద్ధము. ఓడ దారితప్పి దరి జేరినపుడు పూర్వరాజులు సరకును బలాత్కారముగ గైకొనుచుండిరనియు, తాను గ్లుప్తశుల్కము తప్ప మఱేమియు గొననని కాకతి గణపతిదేవుడందు ప్రకటించెను. సముద్రమున నోడ కపాయము నిజమైనదే. దరిజేరినపిమ్మట రాజు పేర వచ్చునది రెండవ యపాయము. శాసనము రెండవదానినే మాన్పెను.

సబ్బినాటి పేరు మాసిపోయినది. వేములవాడ 2016 అక్టోబరున నేర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలో జేరినది. భద్రమిత్రునివలె సముద్రము దాటిపోవువా రీ సీమలో నేడును వేలకొలది. దుబాయి, మస్కటు, సౌదీలకు గూలికై పోవు యువకుల కాజాదు వీసాయని పేరుపెట్టి యమ్మబడునది యచ్చటి చట్టములలో లేనిది. సందర్శకుని వీసా చేతబెట్టి పనివీసాయని చెప్పుటయు గలదు. పనివారిని బంపు నేజెంటు కేంద్రప్రభుత్వముకడ నమోదై యుండవలెనని 1983 నాటి వలసచట్టము విధించుచున్నది. ఆ నమోదును విచారింపక పేరున్నవాడని సొమ్ము చేతబెట్టినచో, సత్యఘోషునికడ రత్నములు దాచినట్లే. మోసపోయి తిరిగివచ్చి మొఱపెట్టువాని యప్పులలెక్కను నెలలతరబడి నిలిచి వినుటకు రామదత్తలు తక్కువ.

నూతిలోని పాము సయితము క్రొత్తరూపము దాల్చినది. ఇటీవల డిజిటల్ అరెస్టు అను పేర దెలుగునాట బెక్కుమంది వృద్ధులు, ఉపాధ్యాయులు, విశ్రాంతోద్యోగులు సొమ్ము గోల్పోయిరి. అట్టి నిర్బంధము భారతదేశపు జట్టములలో నెచ్చటను లేదు. ఫోనులో నెవరిని నరెస్టు చేయుటయు లేదు. సొమ్ము పోయినవెంటనే 1930 సంఖ్యకు దెలుపవలెనని ప్రభుత్వము ప్రకటించుచున్నది. ఈ మోసపు నడక యొకటి చూడుడు. మొదట గొరియరు కార్యాలయమునుండి యని యొకడు మాటలాడును: మీ పేరిట వచ్చిన మూటలో మాదకద్రవ్యము లున్నవనును. పిమ్మట బోలీసుదుస్తులలో నొకడు తెరపై గనబడి యదే చెప్పును. కడపట బై యధికారియనియో, న్యాయమూర్తియనియో మూడవవాడు వచ్చి యా యిద్దఱి మాటను స్థిరపఱచును. ఎవరితోను జెప్పరాదని, గది దాటరాదని, ఫోను పెట్టివేయరాదని యాజ్ఞ యగును. నాలుగవవాని మాట చెవినిబడకుండుటకే ఆ కట్టడి. చదువుకొన్నవారు సైతము నమ్ముటకు గారణము వారి తెలివితక్కువ కాదు. ముగ్గురు వేర్వేరుచోట్లనుండి యొకేమాట చెప్పిరి గదా యని వారు తర్కించిరి. తర్కము కౌటిల్యుని కాలమునాటిది. సోమదేవుడు వాక్యపు మొదట బెట్టిన షరతును మాత్రము వారికి జెప్పినవారు లేరు: ఆ ముగ్గురు కూర్చున్నది ఒక్కగదిలో.